లారీ ఎటు పంపాలి? సికింద్రాబాదు చెంత మొదలైన లెక్క

సికింద్రాబాదు నుంచి ఉప్పల్ వెళ్తుంటే తార్నాక దాటాక ఐఐసీటీ ప్రాంగణం కనిపిస్తుంది. మందులు, రసాయనాల పరిశోధనలో పేరుమోసిన సంస్థ. మన దేశంలో ఆపరేషన్స్ రీసెర్చ్ తొలి విభాగం 1949లో ఏర్పడింది ఈ సంస్థలోనే. డిగ్రీ పాఠ్యపుస్తకాలు ఈ సంగతిని ఒక్క వాక్యంలో తేల్చేస్తాయి. అది కూడా రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ అన్న పేరుతో. హైదరాబాద్ ప్రభుత్వం 1944లో స్థాపించిన ఈ ప్రయోగశాలకు ఆ పేరు వచ్చింది 1956లో. 1949 నాటికి దాన్ని సెంట్రల్ లాబొరేటరీస్ అనేవారు.

ఇంతకీ ఈ శాస్త్రం చేసే పనేమిటి? మౌలాలిలో ఒక బియ్యం గోదాం, సనత్‌నగర్‌లో ఇంకొకటి ఉన్నాయనుకోండి. ఒక్కోదానిలో వంద బస్తాలు. తార్నాకకు వంద, ఉప్పల్‌కు వంద చేర్చాలి. బస్తాకు కిరాయి మౌలాలి నుంచి తార్నాకకు 2 రూపాయలు, ఉప్పల్‌కు 3. సనత్‌నగర్ నుంచైతే తార్నాకకు 4, ఉప్పల్‌కు 9. అన్నిటికంటే చవక కదా అని మౌలాలి సరుకు తార్నాకకు పంపితే, సనత్‌నగర్ లారీ ఉప్పల్ దాకా పోవాల్సిందే. మొత్తం 1100 రూపాయలు. మౌలాలి బియ్యం ఉప్పల్‌కు, సనత్‌నగర్ బియ్యం తార్నాకకు పంపితే 700తో సరి. రెండేసి చోట్లు కాబట్టి నోటిలెక్కతో తేలింది. గోదాములు యాభై, ఊళ్లు రెండొందలు అయితే?

ఆర్థికశాస్త్రంలోకి గరిష్ఠ, కనిష్ఠాల గణితాన్ని తెచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది ఫ్రాన్స్‌కు చెందిన కూర్నో. గుత్త వ్యాపారికి ఏ ధర దగ్గర లాభం ఎక్కువో 1838లోనే కలనగణితంతో చూపాడు. కానీ ఇంతకు మించి సరుకు లేదు, అంతకు మించి యంత్రాలు లేవు అనే హద్దులు వచ్చిపడితే ఆ పద్ధతి ఒక్కటే చాలదు. ఆ చిక్కును 1939లో లెనిన్‌గ్రాడ్‌లో కాంటొరోవిచ్ విప్పాడు. ఎనిమిది యంత్రాల మీద అయిదు రకాల కలపను ఎలా పంచాలని ఒక ప్లైవుడ్ సంస్థ అడిగిన ప్రశ్నతో ఆయన పని మొదలైంది. మన గోదాముల లెక్కలాంటిదాన్ని అమెరికాలో హిచ్‌కాక్ 1941లో ప్రచురించాడు. ఇలాంటి లెక్కలు విప్పడానికి 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాడు.

దాన్ని పరీక్షించిన తీరు చెప్పుకోదగ్గది. ఒక మనిషికి కావలసిన పోషకాలన్నీ అతి తక్కువ ఖర్చుతో అందాలంటే ఏం తినాలి? 77 ఆహారపదార్థాలు, 9 పోషకాలు తీసుకుని, 1939 ధరల్లో ఏడాదికి 39.93 డాలర్లు చాలని ఆర్థికవేత్త స్టిగ్లర్ 1945లో అంచనా వేశాడు. 1947లో తొమ్మిదిమంది గుమాస్తాలు చేతియంత్రాలతో సింప్లెక్స్ లెక్క కట్టారు. ఒక్క మనిషి చేస్తే 120 రోజులు పట్టే పని. జవాబు 39.69 డాలర్లు. తేడా 24 సెంట్లే! స్టిగ్లర్ చూపు ఎంత నిశితమో అక్కడ తెలుస్తుంది. 1975లో కాంటొరోవిచ్‌కు, ఇదే రంగంలో పనిచేసిన ఆర్థికవేత్త కూప్‌మన్స్‌కు నోబెల్ ఇచ్చి డాంట్‌జిగ్‌ను వదిలేయడం మాత్రం అన్యాయమే.

ఇక్కడ, 1953లో మహలనోబిస్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ శాస్త్రాన్ని జాతీయ ప్రణాళికకు జోడించారు. ఆ సంస్థలో చదివిన తెలుగువారు కట్టా గోపాలకృష్ణమూర్తి. అన్ని ఊళ్లూ చుట్టి రావడానికి అతి తక్కువ దారి ఏది అన్న ప్రశ్నపై లిటిల్, స్వీనీ, కారెల్‌లతో కలిసి ఆయన 1963లో రాసిన వ్యాసం ప్రసిద్ధం. దారులన్నిటినీ కొమ్మలుగా విడగొట్టాలి. ఒక్కో కొమ్మలో కనీస ఖర్చెంతో అంచనా కట్టాలి. చేతిలో ఉన్న దారి కంటే అది ఎక్కువైతే ఆ కొమ్మను లోపలికి వెళ్లి చూడకుండానే నరికేయాలి. బ్రాంచ్ అండ్ బౌండ్ అన్న పేరు ఆ వ్యాసంతోనే వచ్చింది. పనులను మనుషులకు పంచే లెక్కలో అన్నిటికన్నా చవకైన పంపకం తర్వాతిది ఏది, దాని తర్వాతిది ఏది అని వరసగా తేల్చే పద్ధతిని ఆయన 1968లో ఇచ్చారు. మొదటి జవాబు ఆచరణలో కుదరని అధికారికి ఆ రెండోదీ మూడోదీ ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఈ పాఠం చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం: 1949 నాటి ఆ ఒక్క వాక్యం దగ్గర కాసేపు ఆగండి, మూర్తిగారి పేరు కూడా చెప్పండి.