లేని సినిమా

2000లో అమెరికా రచయిత మార్క్ డానియెలెవ్‌స్కీ రాసిన ‘హౌస్ ఆఫ్ లీవ్స్’ అనే భయానక నవల వచ్చింది. అందులో నావిడ్‌సన్ అనే ఫొటోగ్రాఫర్ వర్జీనియాలో కొత్త ఇంట్లో చేరతాడు. కొలిచి చూస్తే ఆ ఇల్లు బయటికంటే లోపల పావు అంగుళం ఎక్కువ! దయ్యం లేదు, రక్తం లేదు. కానీ టేపు అబద్ధం చెప్పదు కదా, నాకు అక్కడే భయం వేసింది. తర్వాత గోడలో ఒక తలుపు, దాని వెనక అంతులేని చీకటి.

నావిడ్‌సన్ ఇదంతా సినిమాగా తీశాడని నవల చెప్తుంది. ఆ సినిమా గురించి రాసిందేమో ఒక గుడ్డి ముసలాయన! అసలు అలాంటి సినిమానే లేదు. అందుకే అభిమానులు తామే వీడియోలు తీయడం మొదలుపెట్టారు.

వాళ్లకి పెద్ద పరీక్ష నడవా దృశ్యం. కెమెరా కిటికీలోంచి బయటికి దిగి, గోడ చుట్టూ తిరిగి, అక్కడ ఏమీ లేదని చూపించి, మళ్లీ లోపలికి వస్తుంది. తలుపు తీస్తే నడవా! అంతా ఒకే షాట్. మామూలు ఇంట్లో ఎలా కుదురుతుంది? చీకటి పడిన క్షణంలో రెండు షాట్లు కనబడకుండా అతికించాలి, లేదంటే నడవాని కంప్యూటర్లో తయారుచేయాలి.

2022లో కేన్ పార్సన్స్ పదహారేళ్లకే బ్లెండర్‌తో ‘బ్యాక్‌రూమ్స్’ వీడియో చేశాడు. అది ఈ నవల కాదు, కానీ అవే అంతులేని గదులు. నాకంటే ఒక్క ఏడాదే పెద్ద! అయితే అందులో ఒక వింత జీవి వెంటపడుతుంది. అది కనబడగానే నా భయం తగ్గిపోయింది. నవల్లో గుర్రుమనే శబ్దమే తప్ప ఏదీ కనబడదు.

నేనూ మా ఇల్లు కొలిచాను. బయట అడుగున్నర ఎక్కువ వచ్చింది. రెండు గోడల మందంరా అని నాన్న నవ్వారు.