ప్రొజెక్టర్ పెట్టారు సరే, సార్‌కి ఎవరు నేర్పారు?

బీటెక్ సెకండియర్‌లో మాకొక సార్ ఉండేవారు. చాక్‌పీస్ పట్టుకుంటే అదరగొట్టేవారు. ఆ ఏడాది క్లాసులో ప్రొజెక్టర్ బిగించి, ఇకనుంచి పీపీటీలోనే చెప్పాలన్నారు. పాపం సార్ స్లైడ్లు చదవడం మొదలుపెట్టారు. కేబుల్ ఊడితే వెనక బెంచీలో నవ్వులు. నేనూ నవ్వాను. ఒక్కసారైనా లేచి వెళ్లి దాన్ని పెట్టలేదు. జాబ్‌లో చేరాక కొత్త టూల్ కోసం నాకు వారం రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. అప్పుడు సార్ గుర్తొచ్చారు.

ఈ కథ మా కాలేజీతో మొదలైంది కాదు. 1984 ఆగస్టు 15న యూజీసీ ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ మొదలుపెట్టింది. ఇన్శాట్-1బీ ఉపగ్రహం ద్వారా దూరదర్శన్‌లో డిగ్రీ స్టూడెంట్స్‌కి పాఠాలు. చిన్న ఊరి కాలేజీకి కూడా మంచి పాఠం అందాలన్నది ఉద్దేశం. నిజంగా గొప్ప ఆలోచనే. కానీ పాజ్ లేదు, రివైండ్ లేదు. మరి లెక్చరర్ పనేంటి? టీవీ ఆన్ చేయడం, అంతే!

1986 విద్యా విధానం తర్వాత, 1987 నుంచి అకడమిక్ స్టాఫ్ కాలేజీలు వచ్చాయి. లెక్చరర్లకి కూడా ట్రైనింగ్ కావాలని అప్పటికి గుర్తొచ్చిందన్నమాట. ప్రమోషన్ కోసం మాత్రమే వెళ్లినవాళ్లూ ఉన్నారనుకోండి. 2004 సెప్టెంబర్ 20న మన శ్రీహరికోట నుంచే ఎడ్యుశాట్ ఎగిరింది, చదువు కోసమే ఓ ఉపగ్రహం. ఎన్‌పీటెల్ సంగతి మీకు నేను చెప్పాలా? ఎగ్జామ్ ముందురోజు రాత్రి అందరికీ దేవుడే.

నాకు బాగా నచ్చింది మాత్రం ఐఐటీ బాంబేలో ప్రొఫెసర్ దీపక్ ఫాటక్ నడిపించిన పని. టార్గెట్ పదివేలమంది టీచర్లు, పేరు టీ10కేటీ. అందర్నీ ముంబై రమ్మనలేదు. దేశమంతా ఇంజినీరింగ్ కాలేజీల్లో రిమోట్ సెంటర్లు పెట్టారు. ముందుగా ఆ సెంటర్ల కోఆర్డినేటర్లని ముంబై పిలిచి ట్రైనింగ్ ఇచ్చారు. తర్వాత లెక్చరర్లు దగ్గర్లోని సెంటర్‌కి వెళ్లి, ఐఐటీ పాఠం లైవ్‌లో విని, అక్కడే ల్యాబ్‌లో కూర్చుని తామే చేసి చూశారు. డౌటొస్తే పక్కనే మనిషి ఉన్నాడు. చూడండి, వీడియో 1984లోనూ ఉంది. లేనిదల్లా ఈ పక్కన మనిషే. మా సార్‌కి కూడా ప్రొజెక్టర్ దొరికింది గానీ ఈ మనిషి దొరకలేదు.

2020 లాక్‌డౌన్‌లో సార్ నాకు ఫోన్ చేశారు. “ఏరా, ఈ స్క్రీన్ షేర్ ఎక్కడుందిరా?” గంటసేపు మాట్లాడాం. మధ్యలో ఆయనే అడిగారు, “నేను రాస్తూ చెప్పాలంటే ఎలా?” అని. మర్నాడు వాట్సాప్‌లో ఫొటో పంపారు. రెండు పుస్తకాల దొంతరల మీద అడ్డంగా స్కేలు, దాని మీద ఫోన్, కింద తెల్ల కాగితం, చేతిలో స్కెచ్ పెన్.