పడవల గోదావరిపై పట్టాలు

బెజవాడ నుంచి ఉత్తరానికి బయల్దేరిన రైలు 1890లలో కొవ్వూరు దాకా వచ్చి ఆగిపోయేది. ఎదురుగా గోదావరి, అవతలి గట్టున రాజమండ్రి. ప్రయాణికులు పెట్టేబేడా దించుకుని, ఏరు దాటి, ఆ ఒడ్డున మళ్లీ రైలెక్కాల్సిందే. 1893లో కృష్ణపై రైలు వంతెన వచ్చింది. 1896 నాటికి పట్టాలు కటకం దాకా వెళ్లాయి. గోదావరి మాత్రం లొంగలేదు.

ఈ ఏటికి రైలుతో పాత పేచీ ఉంది. ఇక్కడికి కొద్ది మైళ్ల దిగువన, ధవళేశ్వరంలో 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసిన ఆర్థర్ కాటన్ రైళ్లను అంతగా మెచ్చేవాడు కాదు. సరుకు కాలువలో వెళితే రైలుకన్నా చౌక, పైగా అదే నీరు పొలానికీ పనికొస్తుంది అన్నది ఆయన లెక్క. 1878లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కూడా కాలువల పక్షమే వాదించాడు. డెల్టాలో ఆయన తవ్వించిన కాలువలకు అందుకే పడవలు వెళ్లే లాకులు కట్టారు.

దొరతనం మాత్రం రైలువైపే మొగ్గింది.

1897 నవంబరు 11న వంతెన పని మొదలైంది. కాశీలో గంగపై వంతెన కట్టిన ఎఫ్. టి. జి. వాల్టన్ ఇంజనీరు. ఇసుక ఏటిలో మామూలు పునాది నిలవదు కాబట్టి బావులు దింపారు: గుండ్రటి గోడ కట్టి లోపలి ఇసుక తోడేస్తుంటే, అది తన బరువుకే కిందికి దిగుతుంది. వరద లేని నెలల్లోనే ఈ పని సాగాలి. అయినా మూడేళ్లు నిండకుండానే, ఒక్కొక్కటి సుమారు 45.7 మీటర్ల చొప్పున 56 ఖానాలు లేచాయి.

1900 ఆగస్టు 30న వంతెన తెరుచుకుంది. మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు దానికి పెట్టారు. మద్రాసు, కలకత్తాల మధ్య తూర్పు తీరం వెంబడి దారి కలిసింది. కాటన్ అంతకు ఏడాది ముందే, 1899 జులైలో, కన్నుమూశాడు.

పక్కనే 1974లో పైన రోడ్డు, కింద పట్టాలతో రెండో వంతెన, 1997లో ఆర్చి వంతెన వచ్చాయి. ఆ ఏడే పాత వంతెనపై రైళ్లు ఆగాయి. దాని స్తంభాలు ఏటిలోనే ఉన్నాయి. దిగువన కాటన్ పేరు పెట్టుకున్న బ్యారేజీ నుంచి కాలువలకు నీళ్లు వెళుతూనే ఉన్నాయి. వాటి మీద అప్పటి సరుకు పడవల రద్దీ మాత్రం లేదు.