టేకు రాసుకున్న కరువులు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఏ సందులోకి తిరిగినా ఒక పాత ఇల్లు కూలుస్తూ కనిపిస్తుంది. ముందు తలుపులూ దర్వాజలూ ఊడదీస్తారు. పాత టేకుకి ఇప్పటికీ మంచి గిరాకీ. నా చూపు మాత్రం చెక్క చివర, కోసిన చోట ఆగుతుంది. అక్కడున్న సన్నటి గీతలు ఒకప్పటి వానల ఖాతా.

ఉష్ణమండలపు చెట్లలో చాలావాటికి ఏటేటా స్పష్టమైన వలయాలు పడవు. టేకు వేరు. మన నల్లమల కొండల్లో వేసవికి ఆకు రాల్చి మోడుగా నిలబడుతుంది, తొలకరికి చిగురిస్తుంది, వానల్లో పూస్తుంది. మళ్లీ పెరగడం మొదలుపెట్టినప్పుడు కాండంలో పెద్ద నీటినాళాలు వరసగా ఏర్పడతాయి. ఏడాదికీ ఏడాదికీ సరిహద్దు అదే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు దక్షిణాది టేకు వలయాలతో 523 ఏళ్ల లెక్క కట్టి 2010లో ప్రచురించారు. పసిఫిక్ వేడెక్కి ఇక్కడ వానలు తప్పిన ఎల్‌నినో ఏళ్లలో పెరుగుదల తగ్గడం అందులో కనిపించింది.

మన పెద్దలు కరువులకి సంవత్సరాల పేర్లే పెట్టుకున్నారు. 1832-33ది నందన కరువు, 1876-78ది ధాత కరువు. రెండోదాని వెనక చాలా బలమైన ఎల్‌నినో ఉంది. కానీ చెట్టు చెప్పేది వాన పడలేదనే. కర్నూలు, బళ్లారి జిల్లాల్లో జనం ఆకలికి పోతుంటే లిట్టన్ ప్రభుత్వం ధాన్యం ఎగుమతులు ఆపలేదు. సహాయ పనుల్లో మగ కూలీకి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలన్నాడు రిచర్డ్ టెంపుల్. ఇవి ఏ వలయంలోనూ దొరకవు. అందుకే కరువంతా ప్రకృతి చేసిందే అని సరిపెట్టేవాళ్లకి నేను టేకుని సాక్షిగా ఇవ్వను. నీళ్లు లేనప్పుడు ఆకు రాల్చి, పెరగడం తగ్గించి బతకడం చెట్టుకి తెలుసు. మనిషికి ఆ వెసులుబాటు లేదు, గింజలు అందాల్సిందే.

అరిజోనాలో డగ్లస్ 1929లో ఒక కాలిన దూలంతో రెండు వలయమాలల్ని కలిపి ఆదివాసుల పాత ఇళ్ల వయసు తేల్చాడు. మన దర్వాజల్లో బెరడు మిగలదు గనక చెట్టు కొట్టిన ఏడు చెప్పలేం. అయినా వలయాలు సరిపడా ఉంటే, కొండల్లో బతికున్న చెట్లతో పోల్చి చూడొచ్చు. చిత్రిక పట్టి కొత్త ఫర్నిచర్ చేసేముందు, చివర అంగుళం ముక్క కోసి, ఏ ఇంటిదో రాసి దాచితే చాలు.