ఆఫ్రికా నదిలో ఒక నడివయసు కథానాయిక



సాహసకథ అనగానే మన కళ్లముందు ఎవరు మెదులుతారు? గుర్రమెక్కి దూసుకొచ్చే యువకుడూ, అతను వచ్చి కాపాడేదాకా కన్నీళ్లతో ఎదురుచూసే పడుచుపిల్లా. హాలీవుడ్ వారు కూడా చాలా ఏళ్లు ఈ వరసే నడిపారు. ఆ వరస తప్పించిన చిత్రాల్లో ముందు చెప్పుకోవలసింది 1951లో వచ్చిన 'ది ఆఫ్రికన్ క్వీన్'. అందులో కథానాయిక పడుచు పిల్ల కాదు, ముస్తాబు చేసుకున్నదీ కాదు. ఆవిడ దగ్గర ఉన్నవల్లా ఒక టోపీ, ఒక గొడుగు, ఒక మొండి పట్టుదల.

కథ 1914లో మొదలవుతుంది. అప్పట్లో తూర్పు ఆఫ్రికాలో కొంత భాగం జర్మనీ పాలనలో ఉండేది. అక్కడ ఒక కుగ్రామంలో ఇంగ్లండు నుంచి వచ్చిన పాద్రీ, ఆయనకు ఇల్లు చూసిపెడుతూ పెళ్లి లేకుండా ఉండిపోయిన చెల్లెలు రోజ్ ఉంటారు. యుద్ధం వచ్చింది. జర్మన్ సైనికులు ఊరు తగలబెట్టారు. ఆ దెబ్బకు అన్నగారు మంచం పట్టి కన్నుమూశాడు. ఆమెకిక దిక్కు ఉత్తరాలూ సామాన్లూ చేరవేసే లాంచీవాడు చార్లీ ఒక్కడే. గడ్డం మాసినవాడు, తాగుబోతు. అతని పాత ఆవిరి లాంచీ పేరే 'ఆఫ్రికన్ క్వీన్'.

యుద్ధం అయ్యేదాకా ఎక్కడో నక్కి ఉందామంటాడు చార్లీ. రోజ్ ఒప్పుకోదు. లాంచీలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్లనూ, పేలుడు మందునూ కలిపి టార్పెడోలు తయారుచేద్దాం, నది వెంట సరస్సులోకి వెళ్లి జర్మన్ యుద్ధనౌకను ముంచుదాం అంటుంది. చార్లీ తాగి నోరు పారేసుకుంటే, మర్నాడు పొద్దున్నే అతని జిన్ సీసాలన్నీ నీళ్లలో ఒలకబోస్తుంది. అరవలేదు, ఏడవలేదు. బైబిలు ముందు పెట్టుకుని మాట్లాడటం మానేసింది, అంతే. ఆ మౌనం ముందు చార్లీ నిలవలేకపోయాడు. మనకు తెలియని ఆయుధమా చెప్పండి!

ఆ తరవాత సుడిగుండాలు, జలపాతాలు, జ్వరాలు, జలగలు. లాంచీ ఇరుసు వంగిపోయి, ప్రొపెల్లర్ రెక్క విరిగిపోతే, ఒడ్డున కొలిమి పెట్టి ఇద్దరూ కలిసి బాగుచేస్తారు. ఈ పనుల మధ్యనే ఒకరి మీద ఒకరికి ప్రేమ పుడుతుంది. చివరికి జర్మన్ల చేతికి చిక్కుతారు. ఉరి తీసే ముందు తమకు పెళ్లి చేయమని చార్లీ ఆ నౌక కెప్టెన్‌నే అడుగుతాడు. పెళ్లవుతుంది. ఉరి బిగిసేలోపల, మునిగిన లాంచీలోని టార్పెడోలే తగిలి నౌక పేలిపోతుంది.

సి. ఎస్. ఫారెస్టర్ అనే ఇంగ్లీషు రచయిత 1935లో రాసిన నవల ఇది. దీనికి అసలు చరిత్ర కొంత ఉంది. జర్మనీలో 1913లో కట్టిన 'గ్రాఫ్ ఫాన్ గొట్జెన్' అనే ఓడను విడదీసి, పెట్టెల్లో పెట్టి ఆఫ్రికాకు పంపి, టాంగన్యికా సరస్సు ఒడ్డున తిరిగి బిగించారు. జర్మన్ల ఆధిపత్యాన్ని ఎదుర్కోవడానికి ఇంగ్లండువారు 1915లో రెండు చిన్న మరపడవలను కేప్‌టౌన్ నుంచి రైళ్ల మీదా, అడవి దారుల్లో ఎద్దులతోనూ, ఆవిరి ట్రాక్టర్లతోనూ లాగించి ఆ సరస్సుకు చేర్చారు. కాని పెద్ద ఓడను ముంచింది వారు కాదు. 1916లో జర్మన్లే, శత్రువు చేతికి దక్కకూడదని, ఇంజిన్లకు దట్టంగా గ్రీజు పూసి మరీ ముంచుకున్నారు. 1924లో దాన్ని పైకి తీశారు. 'లియెంబా' అనే కొత్త పేరుతో అది తరవాత ఎన్నో దశాబ్దాలు ప్రయాణికులను మోసింది.

నవల వచ్చాక సినిమా రావడానికి పదహారేళ్లు పట్టింది. మధ్యలో వార్నర్ బ్రదర్స్ వారు హక్కులు కొని, బెట్టీ డేవిస్‌తో తీద్దామనుకున్నారు గాని జరగలేదు. చివరికి నిర్మాత శామ్ స్పీగెల్, దర్శకుడు జాన్ హస్టన్ పూనుకున్నారు. బ్రిటన్‌లోని రొమ్యులస్ సంస్థ చేయి కలిపింది. చార్లీగా హంఫ్రీ బోగార్ట్, రోజ్‌గా కాథరిన్ హెప్‌బర్న్.

ఇక్కడ ఒక విశేషం గమనించండి. నవలలో రోజ్ వయసు 33. ఆ వేషం వేసేనాటికి హెప్‌బర్న్‌కు 44, బోగార్ట్‌కు 51. కథలోని స్త్రీ వయసును తెర మీద తగ్గించడం మామూలు. ఇక్కడ పెరిగింది! పైగా ముఖం మీది ముడతలను, ఎండకు కందిన చర్మాన్ని, చెదిరిన జుట్టును దాచే ప్రయత్నం చేయలేదు. కథ నిలబడిందే దాని మీద. జీవితం అయిపోయిందనుకున్న వయసులో జీవితం మొదలుపెట్టిన స్త్రీ ఆవిడ.

చిత్రం తీయడం ఇంకో సాహసం. రంగుల చిత్రాలు తీసే ఆనాటి టెక్నికలర్ కెమెరా చాలా బరువు. దాన్ని మోసుకుని 1951లో బెల్జియన్ కాంగో అడవుల్లోకి, అక్కడి నుంచి ఉగాండాకు వెళ్లారు. చిన్న లాంచీలో కెమెరా, దీపాలు పట్టవు గనక తెప్ప మీద లాంచీకి నమూనా కట్టి చాలా దృశ్యాలు తీశారు. ఒకసారి అసలు లాంచీయే మునిగిపోతే తాళ్లు కట్టి మనుషుల బలంతో పైకి లాగారు. ఒక రాత్రి చీమల దండు బస మీద పడింది. బోగార్ట్ భార్య లారెన్ బకాల్ అప్పటికే పేరున్న నటి. రెండేళ్ల బిడ్డను వదిలి భర్త వెంట వచ్చింది. ఆ చిత్రంలో ఆమెకు వేషం లేదు. వంటలో, జబ్బుపడ్డవారి సేవలో సాయపడింది.

అందరికీ జిగట విరోచనాలే, జ్వరాలే. ఏమీ కానివారు ఇద్దరు, హస్టన్, బోగార్ట్. నీళ్ల జోలికి పోకుండా విస్కీతో గడిపారట! వారి తాగుడుకు నిరసనగా గ్లాసుల కొద్దీ నీళ్లు తాగి చూపించిన హెప్‌బర్న్ మాత్రం అందరికన్నా ఎక్కువగా మంచానపడింది. ప్రార్థనామందిరంలో ఆర్గన్ వాయించే తొలి దృశ్యంలో ఆమె పాలిపోయిన ముఖం నటన కాదు. వాంతులకు పక్కనే బకెట్ పెట్టుకుని చేసింది. మీ ఇంట్లో మగవారెవరైనా ఈ కథ విని మీసం మెలేస్తే చెప్పండి, తప్పు నీళ్లది కాదు, వాటిని సరిగా శుద్ధి చేయకపోవడానిది అని.

హెప్‌బర్న్ తరవాత తన పుస్తకంలో రాసుకున్న సంగతి ఒకటి. మొదట్లో ఆమె రోజ్‌ను మరీ గంభీరంగా నటిస్తోందట. హస్టన్ వచ్చి, ఆసుపత్రుల్లో గాయపడ్డ సైనికులను పలకరించడానికి వెళ్లే ఎలినార్ రూజ్వెల్ట్‌ను గుర్తుచేసుకోమన్నాడు. కష్టం ఎదురుగా ఉన్నా పెదవుల మీద చిరునవ్వు చెదరనీయని ఇల్లాలు! ఆ ఒక్క మాటతో పాత్ర మొత్తం దొరికిందని ఆమె అంటుంది. ఆ చిరునవ్వు మనలో ఎంతమందికి అలవాటో నేను చెప్పనక్కరలేదు. లోపల గుబులున్నా వచ్చినవారికి కాఫీ ఇచ్చే చిరునవ్వు అదే.

బోగార్ట్ ఒంటికి జలగలు పట్టే దృశ్యం, రెల్లుపొదల నీళ్లలో దిగి లాంచీ లాగే దృశ్యాలు లండన్ స్టూడియోలో తీశారు. ఆఫ్రికా నీళ్లలో రోగభయం ఎక్కువని నటులను అంతసేపు దించలేదు. కాని ఆ నీళ్ల ఒడ్డున పుట్టి పెరిగినవారి మాటేమిటి? బస వేసింది, బరువులు మోసింది వారే. కథలో మాత్రం వారు వెనకాల నిలబడే గుంపు. పాలించిన దేశాలు పాలితుల నేలను చూపిన తీరు అది. కాంగోకు 1960లో, ఉగాండాకు 1962లో స్వాతంత్ర్యం వచ్చింది. చిత్రాన్ని మెచ్చుకుంటూనే ఈ లోటునూ చూడాలి.

ఈ చిత్రానికి 1952లో బోగార్ట్‌కు ఆస్కార్ బహుమతి వచ్చింది. ఆయన జీవితంలో అదొక్కటే. హెప్‌బర్న్ పేరు పోటీలో నిలిచినా బహుమతి వివియన్ లీకి వెళ్లింది. హెప్‌బర్న్ కుంగిపోలేదు. ఆమెకు వచ్చిన నాలుగు ఆస్కార్లలో మూడు అరవై ఏళ్లకు చేరువైన తరవాత వచ్చినవే. 1912లో ఇంగ్లండులో కట్టిన ఆ లాంచీ కూడా ముసలితనంలోనే ప్రసిద్ధికెక్కింది. అమెరికాలోని ఫ్లోరిడాకు చేరి, మరమ్మతులు చేయించుకుని, మళ్లీ జనాన్ని ఎక్కించుకుంది.

పిల్లలు పెద్దవారయ్యాక, ఇక మనకేముందిలే అని మనం తరచు అనుకుంటాం. రోజ్ సరస్సుకు బయలుదేరినప్పుడు ఆమెకు టార్పెడో అంటే తెలియదు, లాంచీ నడపడం రాదు. ఒక్కొక్కటే అడిగి నేర్చుకుంది. మనకూ ఏదో ఒకటి నేర్చుకోవాలని ఎన్నాళ్లనుంచో మనసులో ఉండే ఉంటుంది. సంగీతమో, కుట్టుపనో, ఆగిపోయిన చదువో. దానికి వేళ దాటిపోయిందని ఎవరైనా అంటే, ఈ లాంచీ కథ చెప్పండి.