చాక్లెట్ మింట్ కప్ కేకు

చాక్లెట్ మింట్ కప్ కేకు అనునది కోకో పొడితో చేసిన చిన్న కేకుపై పిప్పరమెంటు రుచి గల వెన్న క్రీమును గానీ, చాక్లెట్ పూతను గానీ వేసి తయారుచేసే తీపి పదార్థము. ఇది పాశ్చాత్య వంటకము. తెలుగు పట్టణాలకు మొదట బేకరీల ద్వారా, తరువాత ఇళ్ళలో కేకులు చేసుకునే అలవాటు ద్వారా చేరినది. సిద్దిపేట వంటి పట్టణాలలో చాలా ఇళ్ళకు ఓవెన్ లేదు, కొన్ని ఇళ్ళలో గుడ్డు వాడరు, ఏప్రిల్, మే నెలలలో వెన్న నిలవదు. ఈ మూడు ఇబ్బందులకూ మార్గాలున్నాయి. నాలుగవది మాటకు సంబంధించినది: వంట పుస్తకాలలోని "మింట్" అనే మాటను పుదీనా అని అర్థం చేసుకొని, పులావుకు తెచ్చిన కట్టను పిండిలో రుబ్బి కలపడము. మొదటిసారి చేసేవారి కేకు ఎక్కువగా చెడిపోయేది ఇక్కడే.

పేరు, చరిత్ర

కప్పులలో కాల్చే చిన్న కేకు ప్రస్తావన అమీలియా సిమన్స్ 1796లో ప్రచురించిన "అమెరికన్ కుకరీ" అనే వంటల పుస్తకంలో కనిపిస్తుంది. "కప్ కేకు" అనే పేరు 1828లో ఎలైజా లెస్లీ పుస్తకంలో అచ్చయినది. ఈ పేరుకు రెండు అర్థాలున్నాయి. కప్పులో కాల్చిన కేకు అన్నది ఒకటి. తూకానికి బదులుగా పిండి, చక్కెర వంటివాటిని కప్పుతో కొలిచి చేసిన కేకు అన్నది మరొకటి. మన ఇళ్ళలో గిన్నెతోను, గ్లాసుతోను కొలిచి వండే పద్ధతికి ఈ రెండవ అర్థము దగ్గరగా ఉన్నది. బ్రిటనులో ఇంతకంటె చిన్నవాటిని ఫెయిరీ కేకులని పిలుస్తారు.

అదే 1828వ సంవత్సరంలో నెదర్లాండ్సులో వాన్ హౌటెన్ కుటుంబము కోకో గింజల నుండి కొవ్వును వేరుచేసే యంత్రానికి పేటెంటు పొందినది. నేడు డబ్బాలలో దొరికే కోకో పొడికి మూలము ఆ యంత్రమే. చాక్లెట్, పిప్పరమెంటుల జత 20వ శతాబ్దంలో మిఠాయిల ద్వారా ప్రసిద్ధి చెందినది. 1940లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో యార్క్ పెప్పర్‌మింట్ ప్యాటీ, 1962లో బ్రిటనులో రౌంట్రీ సంస్థ వారి ఆఫ్టర్ ఎయిట్ బిళ్ళలు వచ్చాయి. కప్ కేకులోని జత వీటి రుచినే అనుసరిస్తుంది.

పుదీనా, పిప్పరమెంటు

ఈ రెండూ మెంథా అనే ఒకే ప్రజాతికి చెందిన మొక్కలు, కానీ రుచులు వేరు. మన కూరగాయల బజార్లలో కట్టలుగా అమ్మే పుదీనా సాధారణంగా స్పియర్‌మింట్ జాతికి చెందినది. దీని వాసనకు ముఖ్యకారణము కార్వోన్ అనే పదార్థము. పిప్పరమెంటు మొక్క స్పియర్‌మింట్, నీటి పుదీనాల సంకరము. దీని నూనెలో మెంథాల్ అధికము. నోటిలో చల్లదనము కలిగించేది ఈ మెంథాలే. నిజానికి నోటి ఉష్ణోగ్రత ఏమీ తగ్గదు. చలిని గుర్తించే నాడుల మీది టి.ఆర్.పి.ఎం.8 అనే గ్రాహకాన్ని మెంథాల్ ప్రేరేపించుట వలన మెదడు చల్లగా ఉన్నట్లు భావిస్తుంది. ఈ గ్రాహకాన్ని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌ల బృందాలు వేర్వేరుగా గుర్తించాయి. ఉష్ణోగ్రత, స్పర్శ గ్రాహకాలపై చేసిన పరిశోధనలకు వీరిద్దరికీ 2021లో నోబెల్ బహుమతి లభించినది.

స్పియర్‌మింట్‌లో మెంథాల్ దాదాపు ఉండదు. అందుచేత పుదీనా ఆకులు ఎన్ని వేసినా కేకుకు ఆ చల్లదనము రాదు, పచ్చడి వాసన మాత్రమే వస్తుంది. పైగా వేడికి, పులుపుకు ఆకులోని పత్రహరితము మారిపోయి ఆకుపచ్చ రంగు నల్లబడుతుంది. తెలుగువారికి ఈ రుచి కొత్తదేమీ కాదు. పిప్పరమెంటు అనే మాట మన భాషలో ఎంతగా కలిసిపోయినదంటే, పిల్లలు చప్పరించే ఏ చక్కెర బిళ్ళనైనా పిప్పరమెంటు బిళ్ళ అని పిలిచేవారు. వంట పుస్తకంలో మింట్ అని ఉన్నచోట పిప్పరమెంటు అని చదువుకుంటే సగము పొరపాట్లు తప్పుతాయి.

భారతదేశము మెంథాల్ పుదీనా నూనె ఉత్పత్తిలో ప్రపంచంలో ముందున్నది. ఉత్తర ప్రదేశ్‌లోని బారాబంకీ ప్రాంతము ఈ పంటకు ప్రసిద్ధి. అది మెంథా ఆర్వెన్సిస్ అనే మరొక జాతి.

పుదీనానే వాడదలచినవారికి ఒక మార్గమున్నది. గోరువెచ్చని క్రీములో గుప్పెడు ఆకులను నలిపి వేసి అరగంట ఉంచి, వడగట్టి, ఆ క్రీముతో చాక్లెట్ పూత చేయవచ్చును. అది పిప్పరమెంటు రుచి కాదు. ఆకు పరిమళము గల వేరొక రుచి, అదీ బాగుంటుంది. ఆకులను రుబ్బరాదు, మరిగించరాదు.

తెలంగాణలో

హైదరాబాదులో బేకరీ సంప్రదాయము ఇరానీ హోటళ్ళతోను, దేశ విభజన తరువాత వచ్చిన సింధీ కుటుంబాలతోను విస్తరించినది. మొజంజాహీ మార్కెట్టు వద్ద కరాచీ బేకరీ 1953లో ప్రారంభమైనది. హైదరాబాదుకు ఉత్తరాన సుమారు 100 కిలోమీటర్ల దూరంలో రాజీవ్ రహదారిపై ఉన్న సిద్దిపేట వంటి పట్టణాలలో కేకు అనగా చాలాకాలము పుట్టినరోజుకు, డిసెంబరు 31 రాత్రికి బేకరీ నుండి తెచ్చుకునే వస్తువే. సిద్దిపేట 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైనది, అంతకు ముందు మెదక్ జిల్లాలో ఉండేది.

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినపుడు దుకాణాలు మూతపడి పుట్టినరోజులు ఇంట్లోనే జరుపుకోవలసి వచ్చినది. బిస్కెట్లను పొడిచేసి, పాలు, ఈనో కలిపి కుక్కరులో చేసే కేకు అప్పట్లో దేశమంతటా వ్యాపించినది. ఆ విధంగా కేకు చేయడము నేర్చినవారు తరువాత మైదా, కోకోలతో చేసే కేకులకు మారారు.

మూతపెట్టిన పాత్రలో నీరు లేకుండా సన్నని సెగపై కాల్చడము తెలంగాణ వంటకు పరిచితమే. బియ్యపు పిండి ముద్దను గిన్నె లోపలి గోడలకు తట్టి, మూతపెట్టి కాల్చే సర్వపిండి (గిన్నెప్ప, తపాల చెక్క అని కూడా అంటారు) ఇటువంటిదే. కోస్తా జిల్లాల దిబ్బరొట్టె కూడా దళసరి పాత్రలో సన్నని సెగ మీద మగ్గేదే. సర్వపిండి చేయడము వచ్చినవారికి కుక్కరు కేకులో సెగను అదుపు చేయడము ప్రత్యేకంగా నేర్పనవసరము లేదు.

కోకో పంటకు తెలంగాణకంటె ఆంధ్ర ప్రదేశ్ ప్రసిద్ధి. పూర్వపు పశ్చిమ గోదావరి జిల్లాలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలలో అంతరపంటగా దీనిని విస్తారంగా పండిస్తున్నారు. దేశంలో కోకో ఉత్పత్తిలో ఆంధ్ర ప్రదేశ్‌దే మొదటి స్థానము. ఈ గింజలతో హైదరాబాదులో చాక్లెట్ తయారుచేసే మనం చాక్లెట్ సంస్థ బంజారాహిల్స్‌లో 2023లో ప్రారంభమైనది.

కావలసిన పదార్థాలు

గుడ్డు, పాలు, వెన్న లేకుండా చేసే ఈ పాకము అమెరికాలో ఆ సరకులు కరువైన కాలంలో వ్యాప్తిలోకి వచ్చినది. అక్కడ దీనిని వాకీ కేకు అంటారు. వ్రతాలు, వారాలు పాటించే ఇళ్ళకు ఇది అనుకూలము. 12 నుండి 14 కేకులకు మైదా 190 గ్రాములు, పొడి చేసిన చక్కెర 200 గ్రాములు, కోకో పొడి 25 గ్రాములు, వంటసోడా ఒక చెంచా (5 మి.లీ.), ఉప్పు అర చెంచా, వాసన లేని నూనె 80 మి.లీ., నీరు 240 మి.లీ., వెనిగర్ మూడు చెంచాలు, వెనిల్లా ఎసెన్సు ఒక చెంచా అవసరము. వెనిగర్‌ను హైదరాబాదు ప్రాంతంలో సిర్కా అని అంటారు. ఇది లేనపుడు నిమ్మరసము వాడవచ్చును.

వంటసోడా, బేకింగ్ పౌడరు ఒకటి కావు. వంటసోడా క్షారము. పులుపు తగిలినపుడే అది బొగ్గుపులుసు వాయువును బాగా విడుదల చేసి పిండిని పొంగిస్తుంది. బేకింగ్ పౌడరులో సోడాతోపాటు ఆమ్లలవణము ముందే కలిపి ఉంటుంది కనుక తడి, వేడి చాలును. ఒకదాని బదులు మరొకటి అదే కొలతతో వేస్తే కేకు లేవకపోవడమో, సబ్బు రుచి రావడమో జరుగుతుంది. ఈనోలో సోడాతోపాటు సిట్రిక్ ఆమ్లము కూడా ఉన్నది. నిమ్మ రుచి గల రకము వాడితే చాక్లెట్ రుచి దెబ్బతింటుంది.

కోకో పొడి కూడా రెండు రకాలు. సహజమైనది కొంత పుల్లగా ఉంటుంది, డచ్ పద్ధతిలో క్షారముతో శుద్ధిచేసినది ముదురు రంగులో ఉండి పులుపు లేకుండా ఉంటుంది. ఈ పాకంలో వెనిగర్ ఉన్నందున ఏ రకమైనా పనిచేస్తుంది. చక్కెర కలిపిన డ్రింకింగ్ చాక్లెట్ మాత్రము పనికిరాదు.

తయారీ విధానము

మైదా, కోకో, సోడా, ఉప్పులను కలిపి రెండుసార్లు జల్లించి, చక్కెర కలపాలి. వేరొక పాత్రలో నీరు, నూనె, వెనిగర్, వెనిల్లా కలిపి దీనిలో పోసి, పొడి కనిపించనంతవరకు మాత్రమే కలపాలి. ఎక్కువసేపు గిలకొడితే మైదాలోని గ్లూటెన్ బిగుసుకొని కేకు సాగుతుంది. కాగితపు కప్పులలో మూడింట రెండు వంతులకు మించి పోయరాదు. ఓవెన్‌ను ముందే వేడిచేసి 175 డిగ్రీల సెల్సియస్ వద్ద 18 నుండి 20 నిమిషాలు కాల్చాలి. మధ్యలో గుచ్చిన పుల్లకు పిండి అంటకుండా వస్తే ఉడికినట్లు.

కుక్కరులో చేయునపుడు మూతకున్న రబ్బరు చుట్టును, విజిల్‌ను తప్పనిసరిగా తీసివేయాలి. నీరు లేని కుక్కరును విజిల్ పెట్టి బిగించి వేడిచేయడము ప్రమాదకరము. అడుగున ఒకటిన్నర కప్పుల ఉప్పు గానీ శుభ్రమైన ఇసుక గానీ పరచి, దానిపై స్టాండు ఉంచి, మూతపెట్టి పది నిమిషాలు మధ్యరకము మంటపై వేడిచేయాలి. ఉప్పు వేడిని అంతటా సమానంగా పంచి అడుగు మాడకుండా చూస్తుంది. తరువాత కప్పులను ఉంచి, సన్నని సెగపై 25 నుండి 30 నిమిషాలు కాల్చాలి. కాగితపు కప్పులు వాటంతట అవి నిలబడవు, చిన్న స్టీలు గిన్నెలలో పెట్టవలెను. వాడిన ఉప్పును మరల కేకులకే వాడవచ్చును, వంటకు కాదు.

ఐదు లీటర్ల కుక్కరులో ఒకసారికి నాలుగైదు కప్పులే పడతాయి. తడి తగిలిన క్షణము నుండే సోడా పనిచేయడము మొదలవుతుంది కనుక, మూడవ వాయికి ఎదురుచూసే పిండిలో వాయువు మిగలదు. ఆ వాయి కేకులు ఇటుకల వలె వస్తాయి. దీనికి సులువైన ఉపాయము: పొడి పదార్థాలను మాత్రమే ఒకేసారి కలిపి మూడు భాగాలు చేసుకొని, ప్రతి వాయికి అప్పటికప్పుడు 80 మి.లీ. నీరు, ఐదు చెంచాల నూనె, ఒక చెంచా వెనిగర్, కొద్దిగా వెనిల్లా కలుపుకోవాలి.

పై పూత

పిప్పరమెంటు రుచిని పిండిలోకంటె పై పూతలో ఉంచడము మేలు. మెంథాల్ తేలికగా ఆవిరయ్యే పదార్థము, కాల్చునపుడు చాలావరకు పోతుంది. 100 గ్రాముల ఉప్పులేని వెన్నను గిలకొట్టి, 200 గ్రాముల ఐసింగ్ చక్కెరను కొంచెము కొంచెముగా కలిపి, పావు చెంచా పిప్పరమెంటు ఎసెన్సు, కావలసినవారు ఒక చుక్క ఆకుపచ్చ రంగు కలుపుతారు. ఇంట్లో దంచిన చక్కెర గరుకుగా ఉంటుంది, దుకాణములో దొరికేదానిలో గడ్డకట్టకుండా మొక్కజొన్న పిండి కలుపుతారు.

ఎసెన్సుకు, నూనెకు తేడా గమనించాలి. పిప్పరమెంటు నూనె చాలా ఘాటైనది, ఒకటి రెండు చుక్కలు చాలును. అది కూడా ఆహారానికి తగినదని సీసాపై రాసి ఉంటేనే వాడాలి. పాన్ దుకాణాలలోను, మూలికల దుకాణాలలోను అమ్మే మెంథాల్ పలుకులను కొలవడము కష్టము, కేకుకు వాడకపోవడమే మంచిది. పసిపిల్లలకు మెంథాల్ ఘాటు హానికరము.

వెన్న 32 నుండి 35 డిగ్రీల వద్ద కరుగుతుంది. సిద్దిపేటలో వేసవి పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది కనుక ఆ రోజులలో వెన్న క్రీము పూలు బల్లపైకి చేరకముందే కారిపోతాయి. మార్చి నుండి జూన్ వరకు వెన్నకు బదులుగా 100 గ్రాముల డార్క్ చాక్లెట్‌ను 60 మి.లీ. వేడి క్రీములో కరిగించి, చల్లారాక రెండు మూడు చుక్కల ఎసెన్సు కలిపి, కేకు తలను దానిలో ముంచి తీయడము అనుకూలము. అదీ మెత్తబడుతుంది, కానీ పల్చని పూత కనుక జారిపోదు.

నిల్వ

కేకులు పూర్తిగా చల్లారిన తరువాతనే పూత వేయాలి. పూత వేయనివి మూత ఉన్న డబ్బాలో చలికాలములో రెండు రోజులు ఉంటాయి. నూనెతో చేసినవి గనుక ఫ్రిజ్‌లో కూడా వెన్న కేకులంతగా గట్టిపడవు. క్రీము పూత ఉన్నవాటిని ఫ్రిజ్‌లో ఉంచి, తినడానికి పావుగంట ముందు తీయాలి. ఉల్లిపాయ, మసాలా వాసనలను వెన్న త్వరగా పీల్చుకుంటుంది కనుక డబ్బా మూత బిగుతుగా ఉండవలెను. ఇంట్లో చేసి అమ్మేవారు ఆహార భద్రత, ప్రమాణాల చట్టము, 2006 ప్రకారము నమోదు చేసుకోవాలి.

ఇవి కూడా చూడండి

సర్వపిండి, దిబ్బరొట్టె, పుదీనా, కోకో, వంటసోడా