దివాణానికీ లిపికీ చుట్టరికం

జమీందారు కొలువును మనవాళ్లు దివాణం అన్నారు. అక్కడి గుమాస్తా కాగితం మీద రాసేది లిపి. మొదటి మాట పారసీ నుంచి వచ్చింది, రెండోది సంస్కృతం. అయినా కూపీ లాగితే రెండూ ఒకే మట్టిపలక దగ్గర తేలతాయి. సుమేరులో పలకను దుబ్ అనేవారు. అక్కదు భాషలో అది తుప్పుమ్ అయింది (ఇనుముకు పట్టే తుప్పుతో దీనికి పనిలేదు). ఏలాము మీదుగా పాత పారసీకానికి చేరి, శాసనం అనే అర్థంలో దిపి అయింది. అశోకుడి ధర్మశాసనం మన ఎర్రగుడి బండ మీద లిపి. పెషావరు దాపున షాబాజ్‌గఢీలో అదే మాట దిపి. లిపి అంటే పూత, 'లిప్' ధాతువు నుంచి పుట్టిందని సంస్కృత వ్యుత్పత్తి చెప్పేవారు అడ్డు రావచ్చు. కానీ షాబాజ్‌గఢీలో దిపి ఒంటరిగా లేదు. 'రాసినది' అనడానికి నిపిస్త అనే పారసీక మాట కూడా పక్కనే ఉంది. రాయసగాళ్ల వృత్తిపదాలు జట్టుగా వచ్చాయనీ, తెలిసిన ధాతువు ఒరవడిలో 'ద' కాస్తా 'ల' అయిందనీ అనుకోవడమే సబబు.

ఈ దిపి నుంచే పుట్టిన దివాన్ అనే పారసీ మాటే మన దివాణం. దివాన్‌కు ఇంకో పుట్టుకథ ఉంది. గొణుక్కుంటూ లెక్కలు కట్టే గుమాస్తాలను చూసి పారసీక చక్రవర్తి అనూషిర్వాన్ 'పిచ్చివాళ్లు' అన్నాడట. దివానా నుంచి దివాన్! కథ ముచ్చటగానే ఉంది గానీ, పహ్లవీ రాతలో ఈ మాట మధ్య 'ప' అక్షరం మిగిలిపోయి దిపిని పట్టిస్తుంది. అరబ్బులకు ఇది ఖలీఫా ఉమర్ నాటికే, 7వ శతాబ్దిలో, సైనికుల పేర్లూ భత్యాలూ ఎక్కించే పట్టీ. అయితే పట్టీ రాసేవాళ్లు మాత్రం సిరియాలో గ్రీకులు, ఇరాక్‌లో పారసీలు. సిరా పలచన చేయడానికి నీళ్లు దొరక్క ఒక గ్రీకు గుమాస్తా సిరాబుడ్డిలో మూత్రం పోశాడనీ, ఖలీఫా అబ్దుల్ మలిక్ మండిపడి 700 ప్రాంతంలో లెక్కలు అరబ్బీలోకి మార్పించాడనీ అరబ్బు చరిత్రకారుడు బలాజురీ రాశాడు. ఇరాక్‌లో ఆ పని సాలిహ్ అనే గుమాస్తా చేతికొచ్చింది. పదోవంతు, ఆరోవంతు అనే పారసీ లెక్కల మాటలను ఏం చేస్తావని పారసీల తరఫున మర్దాన్‌షా నిలదీశాడు. చేతకాదని ఒప్పుకొమ్మని పారసీలు లక్ష దిర్హములు ఆశచూపినా సాలిహ్ లొంగలేదు. ఏలేవారికి ఇది సంస్కరణే. కానీ తరాల తరబడి నలిగిన ఒక లెక్కల నుడికారం దాంతో మట్టిగొట్టుకుపోయింది, ఆ నష్టాన్ని ఎవరూ ఏ పద్దులోనూ రాయలేదు.

ఆ తర్వాత అర్థాలు చెదిరాయంటారు, నాకు అలా తోచదు. కవితలన్నీ ఒకచోట ఎక్కిస్తే హాఫిజ్ దివాన్, సరుకులు ఎక్కిస్తే ఇటలీ వారి సుంకపుశాల దొగానా, భూమిశిస్తు ఎక్కిస్తే 1765లో ఈస్టిండియా కంపెనీకి దక్కిన బెంగాల్ దివానీ. అన్నిటా పట్టీయే. కొలువులో గోడవారగా పరిచిన మెత్తల మీదికీ ఆ పేరే పాకింది; దుప్పట్లు దాచుకునే పెట్టె ఉన్న మన దివాన్ కాట్ అక్కడిదే.